రెండు దెబ్బలు

కొండెలే, కిబూయే, మాంబోలెయో.
పద్నాలుగేళ్లు ఈ మూడు పేర్లే నా అన్నం.
మతాతు తలుపుకి ఒంటిచేత్తో వేలాడుతూ
రెండో చేత్తో చిల్లర లెక్కపెడుతూ
కిసుము బజారంతా మారుమోగేలా అరిచాను.
నా కేక సరస్సు అవతలి గట్టుకి చేరుతుందని
డ్రైవరు ఒచోలా పందేలు కాసేవాడు.
తర్వాత ఆ పని పోయింది.
ఎందుకని అడక్కండి, చిల్లర విషయం.

అదోంగో టీచరు తరగతి
కుట్టుమిషన్ల షాపు పైన, ఒకప్పటి సామాన్ల కొట్టు.
గోడలకి పరుపులు, కిటికీకి రెండు కంబళ్లు.
మైకు నా ముందుకి జరిపి
"పేరు చెప్పు" అంది.
చెప్పాను.
తెర మీద పచ్చగీత భగ్గున ఎర్రబడింది.
పాపం, హెడ్‌ఫోన్లు లాగేసి చెవులు రుద్దుకుంది.
"ఒలువోచ్, ఇది బస్టాండు కాదయ్యా.
ఇదొక మనిషి చెవి.
నీకు జానెడు దూరంలో ఉంది."

జానెడు.
తలుపు కమ్మీ పట్టీ పట్టీ కాయలు కాసిన చేత్తోనే
బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా
కొలుచుకుని కూర్చున్నాను.

మొదటి వారం నేర్చుకున్నది నోరు మూసుకోవడం.
ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చెయ్యమంది.
ఖాళీ గదిలో ఏముంటుంది?
ఉంది.
కింద ఎవరి గౌనుకో అంచు కుడుతున్న మిషను,
ట్యూబులైటు గొణుగుడు,
పొద్దున తినని ఉగాలీ కోసం నా కడుపు.
"ఏ గది మౌనం ఆ గదిదే. దాచుకో.
మాట కోసిన చోట అతుకు వేసుకోవచ్చు."

కోయడం తొందరగానే వచ్చింది.
తెర మీద గొంతు గుట్టలు గుట్టలుగా పరుచుకుంటే
ఏది దగ్గో, ఏది నసుగుడో
చూపుతోనే పట్టేస్తాను,
రద్దీలో టికెట్టు ఎగ్గొట్టేవాణ్ణి పట్టినట్టు.
రానిదల్లా 'పేసా' అనే మాట.
డబ్బు పేరెత్తితే చాలు, మైకు తుమ్మేది.
కొంచెం పక్కకి తిరిగి అనాలట.
అప్పులవాళ్ల ముందు నాకది అలవాటే.

నా మొదటి ఎపిసోడు పదకొండు నిమిషాలు.
అర్ధరాత్రి కంబళి కింద, చెమటలో, గుసగుసగా.
విషయం: కండక్టర్ల చేతి సైగలు.
"చెవికి సైగలు చూపించేవాణ్ణి నిన్నే చూశాను"
అని టీచరు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.
విన్నవాళ్లు ఏడుగురు.
అందులో ఇద్దరం నేనే.

శనివారం ఒచోలా బండెక్కాను.
జీవితంలో మొదటిసారి నా టికెట్టుకి నేను డబ్బిచ్చి,
వెనక సీట్లో.
వాడు నన్ను చూసి కన్నుకొట్టి
ఫోను స్పీకర్లకి తగిలించాడు.
నేను మూడు రాత్రులు చెక్కి చెక్కి పెట్టిన గొంతు
ఆ బద్దలైన స్పీకర్లలోంచి
పిండిమర లోపల ఎవరో మంత్రం చదువుతున్నట్టు వచ్చింది.
ఒళ్లో ఒమెనా చేపల బేసిను పెట్టుకున్నావిడ
"ఎవడర్రా వీడు, గొంతులో ముల్లు ఇరుక్కుందా?
గట్టిగా చెప్పొచ్చుగా!" అంది.
నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

స్పీకరు పక్కన ఒక స్కూలు కుర్రాడు
తల వంచి దానికి చెవి చేరువ చేశాడు.
చూపుతోనే కొలిచాను. జానెడు.
నిద్రపోతున్నాడేమో కూడా, చెప్పలేను.

నా స్టాపు వచ్చింది. "దిగాలి" అన్నాను.
కొత్త కండక్టరు వాసొంగాకి వినపడలేదు.
మళ్లీ అన్నాను.
పద్నాలుగేళ్లు ఊరిని లేపిన నోరు
కంబళి కిందే ఉండిపోయింది.
బండి అర మైలు దాటిపోయాక
పైకప్పు మీద గుద్ది ఆపించుకున్నాను.

నేను దిగగానే వాసొంగా
బండి ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.
ధన్, ధన్.
పోనియ్యమని.
రెండో దెబ్బ కొంచెం మెత్తగా పడింది.
అన్నేళ్లు నేనే కొట్టినవి,
ఒక్కసారీ వినలేదు.

రికార్డరు జేబులోనే ఉంది, ఆన్ చెయ్యలేదు.
రేపు మళ్లీ ఎక్కాలి.
యాభై షిల్లింగులు.